పాలకు వెల్లుల్లి వాసన

ప్రశ్న: నాకు ఆరు పాడిమేకలున్నాయి. పాలు పెరగాలని, కడుపులో పురుగులు పోవాలని దాణాలో వెల్లుల్లి, మెంతులు, వేపాకు కలుపుతున్నాను. పాలు వాసనొస్తున్నాయి. పైగా ఒక మేక చిక్కిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: వాసన ఎక్కువగా వెల్లుల్లిదేనండి. నేనూ ఓసారి ఉత్సాహపడి గుప్పెడు దంచి వేశాను. ఆ పాలు కాచిపెడితే పిల్లలు గ్లాసు ముట్టలేదు! పెట్టాలనుకుంటే పాలు పిండాక, కొద్దిగా పెట్టండి. మెంతులదీ అదే దారి. నా ఓటు మునగాకుకే. మాంసకృత్తులు, కాల్షియం బాగా ఉంటాయి, మేకలూ ఇష్టంగా తింటాయి. కొమ్మలు కట్టగట్టి వేలాడదీస్తే నేలపాలు కాదు.

చిక్కిన మేకను మాత్రం ఆకులకు వదిలేయకండి. కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం పీల్చే పురుగులు పట్టాయని అనుమానించాలి. కొన్ని పెంటికలు సీసాలో వేసుకుని, ఈరోజే పశువుల డాక్టరు దగ్గర పరీక్ష చేయించండి. మందు వేశాక పాలు ఎన్ని రోజులు వాడకూడదో ఆయన్నే అడగండి. చూడి మేకలుంటే వేపాకు ఆపేయండి.