జపనీస్ ఐరిస్: మార్చి ఎండ చూసి చోటు ఎంచకండి

కొత్తగా ఇల్లు తీసుకుని పెరట్లో జపనీస్ ఐరిస్ నాటినవాళ్ళు అడిగే సందేహం దాదాపు ఒకటే. ఆకులు నడుమెత్తు పెరిగాయి, పచ్చగా కళకళలాడుతున్నాయి, రెండేళ్ళయినా పువ్వు మాత్రం లేదు, ఎందుకని? ఎరువు చాలలేదేమోనని ఇంకాస్త వేస్తారు. ఆకులు ఇంకా పొడుగ్గా సాగి పక్కకి వాలిపోతాయి. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది ఎరువు కాదు, ఎండ.

ఈ మొక్కకి రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. 8 గంటలు తగిలితే మరీ మంచిది. వేసవి చల్లగా గడిచే ప్రాంతమైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంచవచ్చు. నాలుగైదు గంటలే అయితే పూలు పూస్తాయి కానీ కాడలు తగ్గుతాయి. 3 గంటల లోపైతే ఇక ఆకులతోనే సరిపెట్టుకోవాలి. వెలుతురు వేరు, ఎండ వేరు. తెల్లగోడ మీద నుంచి వచ్చే వెలుగు, చెట్టు కొమ్మల సందుల్లోంచి జల్లులా పడే ఎండ ఈ లెక్కలోకి రావు.

పేరు దగ్గర కూడా చాలామంది పొరబడతారు. మనం మాట్లాడుతున్నది ఐరిస్ ఎన్‌సాటా, జపాన్‌లో హనషోబు అంటారు. ఐరిస్ జపోనికా అని మరొకటి ఉంది, అది నీడలో పెరిగేది. దాని గురించి రాసింది చదివి దీన్ని చెట్టు కింద నాటేస్తుంటారు. ఇక గడ్డపు ఐరిస్ (బియర్డెడ్ ఐరిస్) దీనికి పూర్తిగా ఎదురు: దాని దుంప నేల పైకి కనబడుతూ ఎండకి ఎండాలి, నీరు నిలవకూడదు. హనషోబు దుంప 2 అంగుళాల లోతున మట్టిలో ఉండాలి, నేల తడారకూడదు. మీ దగ్గరున్నది ఏదో తెలియకపోతే ఆకుని వేలితో తడిమి చూడండి. హనషోబు ఆకు మధ్యన ఈనె ఉబ్బెత్తుగా తగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. చలికాలం వెళ్ళగానే మార్చిలో పెరడంతా తిరిగి, ఎండ పడుతున్న చోటల్లా చూసుకుని నాటేస్తాం. కానీ ఈ మొక్క పూసేది జూన్‌లో, చల్లటి చోట్ల జులై దాకా. మార్చిలో, జూన్‌లో ఎండ నడక ఒకటి కాదు. ఉత్తరాన 45 డిగ్రీల అక్షాంశం దగ్గర మార్చి మూడో వారంలో నడిమధ్యాహ్నం సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అంటే 6 అడుగుల కంచె నీడ 6 అడుగుల దాకా పరుచుకుంటుంది. అదే జూన్ మూడో వారంలో 68 డిగ్రీలు దాటి పైకి వస్తాడు, కంచె నీడ రెండున్నర అడుగులకు కుంచించుకుపోతుంది. కాబట్టి దక్షిణపు కంచె పక్కన మార్చిలో నీడగా కనిపించిన మడి జూన్‌లో ఎండలో ఉండవచ్చు. ఆకు రాల్చే చెట్ల సంగతి దీనికి తిరగబడుతుంది: మార్చిలో మోడుగా ఉండి ఎండనంతా వదులుతాయి, మే వచ్చేసరికి గుబురెక్కి మడిని కప్పేస్తాయి. పువ్వు రాని మొక్కల్లో చాలా వాటి వెనక కథ ఈ చెట్టు నీడే. దక్షిణార్ధగోళంలో ఉన్నవాళ్ళు నెలలనీ దిక్కులనీ తిరగేసి చదువుకోండి.

అందుకని కొలత మే చివర్లోనో జూన్‌లోనో వేయండి. మబ్బు లేని రోజున మడిలో ఓ పుల్ల పాతి, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా గంటకోసారి చూసి ఎండో నీడో రాసుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటే చోటు ఎంచడం తేలిక. గడియారాన్ని గంట ముందుకు జరిపే దేశాల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఒంటిగంట అటూ ఇటూ అనీ, అసలు మంట 3 నుంచి 5 మధ్యన అనీ గుర్తుంచుకోండి.

వేసవి మధ్యాహ్నాలు 32 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో ఉదయపు ఎండ 6 గంటలు పట్టేలా చూసి, మధ్యాహ్నం 2 దాటాక పల్చటి నీడ వచ్చే తూర్పు వైపు మడి ఇవ్వండి. నీలం, ఊదా పూల రంగు సాయంత్రపు మంటకి ఒక్క రోజులో వెలిసిపోతుంది, రేకుల అంచులు ముడుచుకుంటాయి. పడమటి గోడని ఆనుకుని నాటడం మాత్రం వద్దు. గోడ పగలంతా కాగి రాత్రి కూడా వేడి వదులుతుంది. నల్ల కుండీ కూడా అంతే, వేర్లు ఉడికిపోతాయి.

ఎండని ఒంటరిగా లెక్కించకూడదు. ఈ మొక్క పుట్టిల్లు జపాన్, కొరియా, ఈశాన్య చైనాల తడి పచ్చికబయళ్ళు, అంటే పైన ఆరుబయలు ఎండ, కింద ఆరని తడి. పూర్తి ఎండలో పెట్టి నీళ్ళు తగ్గిస్తే ఆకుల కొసలు గోధుమరంగుకి మాడతాయి, మొగ్గ విచ్చకుండానే ఎండుతుంది. చాలామంది దాన్ని ఎండదెబ్బ అనుకుని నీడకి మారుస్తారు. అది దాహం. చిగురు వేసినప్పటి నుంచి పూలు అయిపోయేదాకా వారానికి కనీసం అంగుళం నీరు అందాలి, వేడి వారాల్లో రెండు. చుట్టుపక్కల నేలకన్నా రెండు అంగుళాలు పల్లంగా పాదు చేసి అందులో నాటితే నీరు పక్కకి పోదు. మీద రెండు మూడు అంగుళాల మందాన ఆకు చెత్తో బెరడు ముక్కలో పరచండి. పూసే కాలంలో నీళ్ళు నిలిచినా ఓర్చుకుంటుంది, చలికాలంలో నిలిస్తే దుంప కుళ్ళుతుంది. పెద్ద చెట్టు దగ్గర రెండు నష్టాలూ కలుస్తాయి: కొమ్మలు ఎండని ఆపుతాయి, వేర్లు నీటిని తాగేస్తాయి.

ఎండ సరిపోయినా ఆకు పసుపు పచ్చబడి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే నేల వైపు చూడండి. నేల పులుపుని కొలిచే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. సున్నం, ఎముకల పొడి, కట్టెల బూడిద వేయొద్దు. కొత్తగా కట్టిన ఇంటి పునాది పక్క మట్టిలో సిమెంటు సున్నం కలిసి ఉంటుంది, అక్కడ వద్దు. పుల్లటి నేలని ఇష్టపడే అజేలియా పూల పొదలకి వాడే ఎరువు దీనికీ సరిపోతుంది: వసంతారంభంలో ఓసారి, మొగ్గకి ముందు ఓసారి. నాటిన మొదటి ఏడాది అసలు వేయకండి.

పూలు అయిపోయాక పట్టించుకోవడం మానేయకండి. ఒకసారి పూసిన పిలక మళ్ళీ పూయదు, పక్కన పుట్టే పిలకలే వచ్చే ఏడాది పూలు ఇవ్వాలి. అవి బలం పుంజుకునేది జులై నుంచి సెప్టెంబరు దాకా, కాబట్టి ఎదిగిపోయిన పక్క మొక్కలు అప్పుడు వాటిని కప్పకుండా కత్తిరించండి. వాడిన కాడలు కోసేయండి. ఆకులు పచ్చగా ఉన్నంతకాలం ముట్టుకోవద్దు.

మూడు నాలుగేళ్ళు బాగా పూసి తర్వాత తగ్గిందంటే మాత్రం ఎండ మారిందో లేదో చూసి, మారకపోతే కుదురు విడదీయండి. కొత్త వేర్లు ఏటేటా పాత వేర్లకి పైన పుడతాయి, కుదురు నేల మీదికి తేలిపోతుంది. పూలయ్యాకో, గట్టి మంచుకి ఆరు వారాల ముందో తవ్వి, రెండు మూడు పిలకలు ఉండేలా ముక్కలు చేసి, ఆకులు 8 అంగుళాలకి కత్తిరించి, వేర్లు ఒక్క నిమిషం కూడా ఆరనీయకుండా బకెట్ నీటిలో ఉంచి, ఒకటిన్నర అడుగు దూరంలో నాటండి. పూలయ్యేసరికి ఎండలు మండుతుంటే ఈ పని అప్పుడు పెట్టుకోవద్దు. మార్చిన తర్వాత వచ్చే మొదటి పూత చిన్నగానే ఉంటుంది, చోటు తప్పిందని కంగారుపడి మళ్ళీ పెకలించకండి. రెండో ఏడాది పూత చూశాకే ఆ చోటు మంచీ చెడూ తేల్చండి.