గాస్ ఫిజిక్స్‌లో ఏం చేశాడు? దండాయస్కాంతంతో దాన్ని చేసి చూడటం ఎలా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. గాస్ గణిత శాస్త్రవేత్త కదా, అయస్కాంత క్షేత్రం కొలతకు ఆయన పేరెందుకు పెట్టారు? ఆయన చేసిన పనిని మనం చేసి చూడొచ్చా? రెండోదానికి జవాబు చెబితే మొదటిది దానంతట అదే తెలుస్తుంది.

కార్ల్ ఫ్రెడరిక్ గాస్ 1777లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టాడు. 1801 జనవరి 1న ఇటలీలోని పాలెర్మోలో పియాజ్జి అనే ఖగోళ శాస్త్రవేత్త సెరెస్ అనే చిన్న గ్రహాన్ని కనుక్కున్నాడు. ఫిబ్రవరి 11 దాకా కనిపించి, ఆ తర్వాత అది జాడ లేకుండా పోయింది. ఆ కాసిని కొలతలతోనే మళ్లీ ఎక్కడ వెతకాలో 24 ఏళ్ల గాస్ లెక్కగట్టి చెప్పాడు. ఆ ఏడాది డిసెంబరులోనే దొరికింది. 1807 నుంచి 1855లో చనిపోయేదాకా గోటింగెన్ అబ్జర్వేటరీ ఆయన చేతిలోనే ఉంది. గాస్ అనగానే అందరూ ఆయన చిన్నప్పుడు ఒకటి నుంచి వంద దాకా అంకెల్ని చిటికెలో కూడిన కథే చెబుతారు. కొలతలో దొర్లే తప్పును పట్టుకుని లెక్కలోంచి తీసేయడం ఆయన అసలు విద్య అని నేనంటాను. అయస్కాంతం పనిలో అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అప్పటిదాకా భూమి అయస్కాంత బలాన్ని ఎలా పోల్చేవారంటే, ఒకే సూదిని ఊరూరా తీసుకెళ్లి, ఎంత వేగంగా ఊగుతోందో లెక్కపెట్టేవారు. దారిలో సూది బలం తగ్గితే కొలత మొత్తం చెడినట్టే. తగ్గిందో లేదో తెలిసే దారి కూడా లేదు. 1832లో గాస్ దీనికి విరుగుడు చెప్పాడు: ఒకే అయస్కాంతాన్ని రెండు రకాలుగా వాడండి. ఊగే వేగం అయస్కాంత బలం, భూమి బలాల లబ్ధాన్ని ఇస్తుంది. పక్కనున్న దిక్సూచిని ఎంత తిప్పిందన్నది ఆ రెండింటి నిష్పత్తిని ఇస్తుంది. లబ్ధాన్ని నిష్పత్తితో భాగిస్తే అయస్కాంత బలం కొట్టేసుకుపోతుంది, భూమిది మాత్రమే మిగులుతుంది. ఎంత అందమైన ఆలోచనో చూడండి, పనిముట్టు బలం తెలియకపోయినా కొలత వస్తుంది.

ఇక చేసే పని. 10 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు, 50 గ్రాముల దండాయస్కాంతం తీసుకోండి. మెలి లేని పట్టుదారంతో మధ్యలో కట్టి, సరిగ్గా అడ్డంగా నిలిచేలా వేలాడదీయండి. గాలి తగలకుండా గాజు పెట్టెలో ఉంచండి. కొద్దిగా కదిలించి 20 డోలనాలకు పట్టిన కాలం చూడండి. 120 సెకన్లు పట్టిందనుకుందాం, అంటే ఒక్కోదానికి 6. జడత్వ భ్రామకం (తిప్పడానికి వస్తువు ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే అంకె): పొడవు వర్గం, వెడల్పు వర్గం కలిపితే 101; దాన్ని 50తో గుణించి 12తో భాగిస్తే 420.8. దీన్ని 39.48తో (ఇది π వర్గానికి నాలుగు రెట్లు) గుణించి, 6 వర్గమైన 36తో భాగించండి. వచ్చిన 461.5 మన లబ్ధం.

తర్వాత వేలాడదీసిన చోటే దిక్సూచి పెట్టండి. అయస్కాంతాన్ని దానికి తూర్పున, తూర్పు పడమరలుగా పడుకోబెట్టండి. మధ్య బిందువు నుంచి దూరం 25 సెం.మీ. ఉండాలి (కాలేజీ ల్యాబుల్లో టాన్ ఏ పొజిషన్ అనేది ఇదే). ముల్లు 33 డిగ్రీలు తిరిగితే, 25 ఘనం 15625ను టాన్ 33, అంటే 0.6494తో గుణించి సగం చేయండి: 5073. ఇది నిష్పత్తి. 461.5ను 5073తో భాగించి వర్గమూలం తీస్తే 0.30 వస్తుంది. ఇదే భూక్షేత్రపు క్షితిజ సమాంతర భాగం, గాస్‌లలో.

ఈ 0.30ని వెంటనే నమ్మకండి. 25 సెం.మీ. దూరానికి 10 సెం.మీ. అయస్కాంతం చిన్నదేమీ కాదు. ధ్రువాలు కొసల్లో కాకుండా కాస్త లోపలికి, ఒకదానికొకటి సుమారు 8.3 సెం.మీ. ఎడంలో ఉంటాయి. దాన్ని లెక్కలోకి తీసుకుంటే జవాబు 0.31 అవుతుంది. గాస్ వేర్వేరు దూరాల్లో కొలిచి ఈ తేడాను తీసేశాడు, మీరూ అలాగే చేయండి.

ఎక్కువమంది తప్పు చేసేది దూరం దగ్గరే. దూరం ఘనమవుతుంది కాబట్టి అందులో ఒక శాతం తప్పు నిష్పత్తిలో మూడు శాతమవుతుంది, చివరి జవాబులో ఒకటిన్నర. అయస్కాంతాన్ని కొసలు మార్చి, తూర్పునుంచి పడమటికి మార్చి, ప్రతిసారీ ముల్లు రెండు చివర్లూ చదవండి. ఎనిమిది రీడింగుల సగటు తీస్తే ముల్లు మధ్యలో లేకపోవడం వంటి లోపాలు చాలావరకు పోతాయి. ఊపు 10 డిగ్రీలు దాటనివ్వొద్దు. 30 డిగ్రీలకు పోతే కాలం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. దారంలో మెలి ఉందేమోనన్న అనుమానం తీరాలంటే ముందు అంతే బరువున్న ఇత్తడి కడ్డీని వేలాడదీసి, అది కుదురుకునేదాకా ఆగండి. చిన్న నియోడిమియం అయస్కాంతాలు ఈ పనికి వద్దు, లెక్కపెట్టలేనంత వేగంగా ఊగుతాయి. రెండు కొలతలూ ఒకే పూట ముగించండి. వేడెక్కితే అయస్కాంతం బలం తగ్గుతుంది, అప్పుడు అది లెక్కలో కొట్టేసుకుపోదు.

ఇనుము సంగతి మరీ ముఖ్యం. టేబుల్ మేకులు, స్టీలు కుర్చీ, ఫోను స్పీకరు, అన్నీ దూరంగా పెట్టండి. 1833లో గోటింగెన్‌లో కట్టిన అయస్కాంత పరిశీలనశాలలో ఇనుము ముక్క లేకుండా రాగి వాడారు. భౌతిక శాస్త్రవేత్త వెబర్‌తో కలిసి గాస్ అక్కణ్నుంచే పరిశీలన కేంద్రాల కూటమిని నడిపాడు. ముందే అనుకున్న రోజుల్లో వేర్వేరు దేశాల్లో 24 గంటలపాటు, ఐదు నిమిషాలకోసారి, ఒకే సమయానికి రీడింగులు తీసేవారు. భూమి అయస్కాంతత్వానికి ప్రధాన మూలం భూమి లోపలే ఉందని 1839లో 24 గుణకాలతో (కొలతలకు సరిపోయేలా సూత్రంలో కుదిర్చే అంకెలతో) లెక్కగట్టి చూపించాడు. ప్రమాణానికి ఆయన పేరు వచ్చింది ఈ పని వల్లే.

మీ జవాబును ఫోనులోని మాగ్నెటోమీటర్ యాప్‌తో సరిచూసుకోవచ్చు. 0.31 గాస్ అంటే 31 మైక్రోటెస్లా. ఫోనును బల్లపరుపుగా పడుకోబెట్టి, తెరకు సమాంతరంగా ఉన్న రెండు అక్షాల అంకెల వర్గాలు కలిపి వర్గమూలం తీయండి. మొత్తం క్షేత్రమని చూపే అంకెతో పోల్చొద్దు. అందులో కిందికీ పైకీ లాగే భాగం కూడా కలిసి ఉంటుంది.