చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేశాక నడవడం సులువైందా?

"చార్మినార్ దగ్గర బండ్లు ఆపేసినందువల్ల నడిచేవాళ్లకు నిజంగా మేలు జరిగిందా? మా ఊరి గడియారస్తంభం సెంటర్‌లోనూ అలా చేయమని అడగాలనుకుంటున్నాం" అని రాశారు. మేలు జరిగింది. కానీ అడిగేటప్పుడు బండ్లు ఆపమనడంతో సరిపెట్టకండి.

నా చిన్నప్పుడు బస్సులు, ఆటోలు చార్మినార్ చుట్టూనే తిరిగేవి. నాన్న నా మణికట్టు గట్టిగా పట్టుకుని రోడ్డు దాటించేవాడు. తలెత్తి మినార్లు చూసే తీరికే ఉండేది కాదు. 1591 నాటి కట్టడం, పైనంతా సున్నపు గచ్చు పని. ఆ పొగ, ఆ అదురు దానికీ మంచివి కావు. ఇప్పుడు కింద గ్రానైట్ రాళ్లు పరిచారు. కమాను కింద నిలబడి పిల్లలకు పైనున్న నగిషీ చూపించగలుగుతున్నా. నాకు అదే పెద్ద సంతోషం.

పోయినేడు అమ్మను తీసుకెళ్లా. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆటో మదీనా సెంటర్ దగ్గరే దింపేసింది. పత్తర్‌గట్టి బజారు మీదుగా చార్‌కమాన్ అనే పాత కమాన్ల దగ్గర దాటేసరికి ఆమె మూడుసార్లు ఆగింది. నడక దూరమని కాదు, మధ్యలో కాసేపు కూర్చునే చోటు దొరకలేదు, అదీ బాధ. లాడ్ బజార్‌లో ఒక గాజుల కొట్టాయన చూసి, తన స్టూలే తెచ్చి వేశాడు. "కూర్చో అమ్మా, తొందరేం లేదు" అన్నాడు. ఎదురుగా ఒకతను లక్కను వేడికి మెత్తబరిచి కడియానికి పట్టించి, అది ఆరేలోపు అద్దం ముక్కలు ఒక్కొక్కటే అద్దుతున్నాడు. అమ్మ అరగంట అలా చూస్తూ ఉండిపోయింది. లేచేటప్పుడు రెండు జతలు కొంది. కూర్చోనిస్తే జనం కొంటారు కూడా. మీ సెంటర్‌లో షాపుల వాళ్లు బేరాలు పోతాయని అడ్డుపడితే ఈ మాట చెప్పండి.

ఇంకోటి, నున్నటి రాయి వేయనివ్వకండి. వాన పడితే పెద్దవాళ్లు జారతారు. తోపుడు బండ్ల వాళ్లకు ముందే గీతలు గీసి చోటు చూపించాలి. వాళ్లను తరిమేస్తే రెండో రోజుకే నడిచే దారి మధ్యలోకి వస్తారు, వాళ్లకూ బతుకుతెరువు కావాలి కదా. నడవలేని వాళ్ల కోసం చిన్న బ్యాటరీ బండి ఒకటి తిప్పమని అడగండి.

ఒకేసారి రోడ్డు తవ్వించొద్దు. ఇక్కడ 2021 అక్టోబరులో "ఏక్ శామ్ చార్మినార్ కే నామ్" (ఒక సాయంత్రం చార్మినార్ పేరిట) అని ఆదివారం సాయంత్రాలు బండ్లు మళ్లించి జనానికి వదిలారు. మీరూ నాలుగు ఆదివారాలు అలా చేయించి చూడండి. ఏ అరుగు మీద, ఏ మెట్టు మీద జనం కూలబడుతున్నారో రాసుకోండి. బెంచీలు అక్కడే వేయమని అడగండి.