హరాజుకు మీద నువ్వు రాసింది చదివాక

తమ్ముడూ,

టోక్యోలో కుర్రకారు ఫ్యాషన్‌కి పేరుపడ్డ పేట హరాజుకు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఉద్యోగానికి టోక్యో వెళ్ళి ఆరు నెలలు కాకముందే తెలుగులో రాయాలని కూర్చున్నావు చూడు, అది నాకు చాలా నచ్చింది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నా.

మొదటి పేజీలోనే ‘రంగురంగుల’ అని ఐదుసార్లు, ‘వింత’ అని నాలుగుసార్లు రాశావు. వింత అని రాసిన చోటల్లా నువ్వు చూడటం ఆపేశావని తెలిసిపోతోంది. అక్కడి దుకాణాల సందు తకెషితా వీధిని మన కోఠీతో పోల్చావు, అది తీసెయ్. సందు ఇరుకు, జనం కిటకిట, అంతవరకే పోలిక. కోఠీలో కొనుక్కున్నది ఇంటికి తెచ్చుకుని పండక్కో పెళ్ళికో కట్టుకుంటాం. హరాజుకుకి వచ్చే పిల్లల్లో చాలామందికి అది కొనుక్కునే చోటు మాత్రమే కాదు, బడిలో, ఇంట్లో, ఆఫీసులో వేసుకోలేనిది వేసుకుని నిలబడే చోటు. నీ వ్యాసానికి ప్రాణం ఇదే, నువ్వు దాన్ని దాటేసి అక్కడ అమ్మే క్రేప్ (పల్చటి తీపి అట్టు) ధర రాశావు.

చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం నేను స్టేషన్ పక్కన జింగూ వంతెన మీద గంటల తరబడి నిలబడ్డాను. నల్ల గౌను, మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకున్న ఒక అమ్మాయి, పక్కన చక్రాల సూట్‌కేసు. గౌను అంచున రెండు రకాల లేసు ఉంది, ఒకటి కొన్నది, రెండోదాని కుట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. నాకు జపనీస్ రాదు, లేసు వైపు వేలు చూపిస్తే తను చేత్తో సూది లాగుతున్నట్టు చూపించి నవ్వింది. చీకటి పడుతుంటే తలమీది లేసు పట్టీ విప్పి పల్చటి కాగితంలో చుట్టి, పెదాల రంగు తుడుచుకుని, పైన మామూలు స్వెట్టర్ తొడుక్కుని రైలుకి వెళ్ళిపోయింది. ఆ రోజు నోట్‌బుక్కులో పదకొండు పేజీలు నింపాను, ఇప్పటికీ పనికొచ్చేది ఆ కుట్ల గురించి రాసిన నాలుగు లైన్లే.

షోయిచి అవోకి అనే ఫొటోగ్రాఫర్ 1997లో హరాజుకు వీధుల్లో పిల్లల వేషధారణ ఫొటోలతో ‘ఫ్రూట్స్’ పత్రిక మొదలుపెట్టి 2017 దాకా నడిపాడు. ఫొటో కింద వయసు, ఏం చేస్తుంటారు, ఏ వస్తువు ఎక్కడిది అని వేసేవాడు. వాళ్ళనే అడిగి వేసేవాడు, గమనించు. నువ్వు ఎవరినీ ఏమీ అడగలేదు, దూరం నుంచి ఫొటోలు తీసుకుని వచ్చేశావు. అడిగి తియ్యి, వద్దంటే వదిలెయ్.

ఈ చోటు ఇలా ఎందుకయిందో ఒక పేరా కావాలి. యుద్ధం తర్వాత పక్కనే యొయోగిలో అమెరికా సైనికుల కుటుంబాలకు వాషింగ్టన్ హైట్స్ అనే కాలనీ కట్టారు, వాళ్ళ కోసం దుకాణాలు వచ్చాయి. 1964 ఒలింపిక్స్‌కి ఆ కాలనీ స్థలం క్రీడాకారుల గ్రామమైంది. డెబ్బైల చివర్లో ఆదివారాలు అక్కడి రోడ్డు మీద బండ్లు ఆపేస్తే, తకెనోకో అనే దుకాణంలో కొన్న వదులు బట్టలు వేసుకుని పిల్లలు ఆ రోడ్డు మీదే గుంపులుగా డాన్స్ చేసేవారు. 1998లో ఆ ఆదివారాలు ఆగిపోయాయి. రోడ్డు దొరికినంత కాలం ఏం జరిగింది, పోయాక ఎక్కడికెళ్ళారు, ఇది నీ వ్యాసంలో ఉంటే ఎంత బాగుండేది!

ఇంకోటి, తకెషితా దగ్గరే తిరిగావు. దగ్గర్లోనే క్యాట్ స్ట్రీట్ అనే వీధి ఉంది, అక్కడ నడువు, దాని కింద షిబుయా నది పారుతుంది, పైన కప్పేసి దారి చేశారు. అందుకే అది అలా వంపులు తిరుగుతుంది.

వచ్చే ఆదివారం కెమెరా సంచిలోనే పెట్టి వెళ్ళు, చీకటి పడేదాకా ఉండు. రాశాక పంపు, ఎంత రాత్రయినా చదువుతాను.

మీ అన్నయ్య