పిల్లి మంచం కింద ముడుచుకుని పడుకుంటోందంటే ముందు ఇవి చూడండి

మీరు చిత్తూరు నుంచి అడిగింది ఇదీ: రెండేళ్ళ మగపిల్లి, ఇన్నాళ్ళూ హాల్లో ఫ్యాన్ కింద వెల్లకిలా పడుకునేది, ఇప్పుడు మంచం కింద దూరి ముడుచుకుని పడుకుంటోంది. అలిగిందా, భయపడిందా, జబ్బు చేసిందా? అసలు పడుకునే తీరును బట్టి పిల్లి మనసు, ఆరోగ్యం తెలుస్తాయా?

తెలుస్తాయి. కానీ ఈ భంగిమకి ఈ అర్థం అని బొమ్మలు వేసి పంచే చార్టులను నమ్ముకోకండి. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అవ్వ కాలం నుంచీ ఇంట్లో పిల్లులున్నాయి. నేను చూసినంతలో ఒకే భంగిమ ఒకరోజు హాయిని చెబుతుంది, ఇంకోరోజు నొప్పిని చెబుతుంది. మీ పిల్లికి అలవాటైన తీరు ఏది, అది ఎప్పుడు మారింది, పడుకున్నప్పుడు ఒళ్ళు వదులుగా ఉందా బిగుసుకుని ఉందా అన్నవి కలిపి చూస్తేనే విషయం అర్థమవుతుంది.

పెద్ద పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు పడుకుంటుంది. కూనలు, ముసలివి ఇంకా ఎక్కువే. అందులో చాలా భాగం ఉత్త కునుకు. కళ్ళు మూసుకునే ఉంటుంది, వంటింట్లో గిన్నె చప్పుడైతే చెవి మాత్రం అటు తిరుగుతుంది. అసలు నిద్ర వేరు. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో మిషెల్ జువే అనే శాస్త్రవేత్త 1959లో పిల్లుల మీదే పరిశోధన చేసి, మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటూ కండరాలు మాత్రం పూర్తిగా పట్టు వదిలేసే నిద్ర దశ ఒకటుందని చూపించారు. మనకి కలలు ఎక్కువగా వచ్చేదీ ఆ దశలోనే. ఇది మనకి ఎందుకు పనికొస్తుందంటే, ఆ నిద్రలో మెడ కూడా నిలబడదు. కాబట్టి తల ఎత్తి పెట్టుకుని కళ్ళు మూసుకున్న పిల్లి ఇంకా ఆ నిద్రలోకి వెళ్ళలేదని అర్థం. తల వాలిపోయి, ఒళ్ళంతా జారవిడిచి పడుకుందంటే ఆ చోటు మీద, ఆ ఇంట్లో మనుషుల మీద దానికి నమ్మకం కుదిరినట్టే. నేను మొదట చూసేది ఇదే.

మా చిట్టి మధ్యాహ్నాలు కుట్టు మిషన్ మూత మీద పడుకుంటుంది. కాసేపటికి తల అంచు మీద నుంచి కిందికి వేలాడుతుంది. అప్పుడు దగ్గర కూర్చుని చూస్తే మీసాలు వణుకుతుంటాయి, మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదులుతుంటాయి, ముందు కాలి వేళ్ళు విచ్చుకుని మళ్ళీ ముడుచుకుంటాయి, కింది పెదవి అదురుతుంది. మా తమ్ముడి కొడుకు ఒకసారి అది చూసి, "అత్తా, దీనికి ఫిట్స్ వస్తున్నాయి" అని పరుగెత్తుకొచ్చాడు. ఫిట్స్ కాదు, మంచి నిద్ర. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి చూస్తుంది. ఫిట్స్ వస్తే ఒళ్ళు కట్టెలా బిగుస్తుంది, పిలిచినా తెలివి ఉండదు, చాలాసార్లు ఉన్నచోటే ఒంటికి పోసేస్తుంది. ఈ తేడా తెలిసుంటే అనవసరంగా టెన్షన్ పడక్కర్లేదు.

వెల్లకిలా పడుకోవడం గురించి అందరూ నమ్మకం అనే చెబుతారు. నిజమే, పొట్ట పిల్లికి చాలా సున్నితమైన చోటు, భయమున్న పిల్లి దాన్ని పైకి పెట్టి పడుకోదు. అయితే మన ఊళ్ళల్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పొట్ట పైకి పెట్టినా, కడప బండల మీద బారుగా సాగిలబడినా, అందులో వేడి తగ్గించుకోవడమే ఎక్కువ. పిల్లికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల మెత్తల దగ్గరే పడుతుంది. అందుకే మా ఇంట్లోవి ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మెట్ల కింద, నీళ్ళ బిందె పక్కన చేరతాయి. అదంతా మామూలే. నోరు తెరిచి కుక్కలా వగర్చితే మాత్రం మామూలు కాదు, వెంటనే చల్లటి చోటికి మార్చి డాక్టరుకి చూపించాలి. ఇంకో మాట, వెల్లకిలా పడుకుంది కదా అని పొట్ట నిమరబోకండి. నమ్మడం వేరు, ముట్టుకోనివ్వడం వేరు.

ముడుచుకుని, తోకతో ముక్కు కప్పుకుని పడుకోవడం ఒంట్లో వేడి పోకుండా కాపాడుకునే పద్ధతి. ధనుర్మాసం తెల్లవారుజామున ప్రతి పిల్లీ అలాగే పడుకుంటుంది, అందులో దిగులేమీ లేదు. అదే పిల్లి మే నెల మిట్టమధ్యాహ్నం ముడుచుకుని కదలకుండా ఉంటే నేను లేపి చూస్తాను, గిన్నెలో అన్నం తిన్నదా లేదా చూస్తాను. పిల్లికి మామూలు ఉష్ణోగ్రతే సుమారు 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది, కాబట్టి చెవి పట్టుకుని జ్వరం ఉందనీ లేదనీ తేల్చడం కుదరదు. థర్మామీటరుతో డాక్టరు చూడాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాలుగు కాళ్ళూ ఒంటి కిందికి మడిచి, పొట్ట నేలకి ఆనించి పడుకునే తీరు ఒకటుంది. హాయిగా ఉన్న పిల్లీ అలా పడుకుంటుంది, నొప్పితో ఉన్న పిల్లీ దాదాపు అలాగే ఉంటుంది. మొదటిదానికి ముందు పాదాలు ఛాతీ కిందికి మెత్తగా మడిచి ఉంటాయి, భుజాలు దిగి ఉంటాయి, పిలిస్తే కళ్ళు మెల్లగా ఆర్పుతుంది. రెండోదానికి పాదాలు నేలని పట్టుకుని ఉంటాయి, వీపు పైకి లేచి ఉంటుంది, తల భుజాల కంటే కిందికి దిగిపోతుంది, కళ్ళు సగం చికిలించి ఉంటుంది. కెనడాలో మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పిని అంచనా వేసే ఒక కొలతను ప్రచురించారు. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల ఉన్న తీరు అని అయిదు చూస్తారు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. చెవులు పక్కలకి తిరిగి ఒకదానికొకటి దూరంగా జరగడం, మూతి బిగదీసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకి రావడం నొప్పికి గుర్తులు. మొత్తం పదికి నాలుగో అంతకంటే ఎక్కువో వస్తే నొప్పికి మందు అవసరం కావచ్చని లెక్క.

మా నల్లోడి విషయంలో ఇదంతా కళ్ళారా చూశాను. ఎప్పుడూ బీరువా మీద కాళ్ళు బారజాపుకుని పడుకునేవాడు, ఒకరోజు పొద్దున బాత్‌రూమ్ మూల వీపు ఎత్తి కూర్చున్నట్టు పడుకున్నాడు. చెయ్యి వేస్తే గురగుర అన్నాడు. గురగురమంటే బాగానే ఉన్నట్టు అనుకుంటారు చాలామంది. పిల్లులు నొప్పి ఉన్నప్పుడూ గురగురమంటాయి. కాసేపటికోసారి లేచి ఇసుక ట్రేలోకి వెళ్ళడం, ముక్కడం, ఉత్తగా బయటికి రావడం, మళ్ళీ అదే మూల, అదే భంగిమ. ఒంటికి ఆగిపోయిందని అర్థమైంది. బుట్టలో పెట్టుకుని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరుగెత్తాం. మూత్రనాళంలో అడ్డు పడిందన్నారు, గొట్టం వేసి తీశారు, బతికాడు. మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది, స్ఫటికాలు చేరి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మలబద్ధకం అనుకుని ఇంట్లో ఆముదం పోస్తూ కూర్చుంటే పిల్లి దక్కదు. మీది మగపిల్లి అన్నారు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

భయం సంగతి వేరుగా ఉంటుంది. తిరుపతి ఇళ్ళకి చుట్టాల రాక తెలిసిందే. కొండకి వచ్చినవాళ్ళు ముందురోజు మా ఇంట్లోనే దిగుతారు, పిల్లలు, సూట్‌కేసులు, తెల్లవారుజామున రెండింటికే స్నానాలు. ఆ రోజుల్లో చిట్టి కుట్టు మిషన్ వదిలేసి అటక మీది పాత పరుపుల వెనక్కి చేరుతుంది. చూడ్డానికి పడుకున్నట్టే ఉంటుంది, కానీ తల వాలదు, చెవులు తిరుగుతూనే ఉంటాయి. అది నిద్రపోవడం కాదు, నిద్రపోయినట్టు ఉండడం. చుట్టాలు వెళ్ళాక ఒకటి రెండు పూటల్లో మళ్ళీ తన చోటికి వస్తుంది. దీపావళికీ అంతే. దాక్కున్న పిల్లిని లాగి ఒళ్ళో పెట్టుకోకండి. అక్కడికే నీళ్ళు పెట్టి వదిలేస్తే చాలు. ఇసుక ట్రేలోనే పడుకుంటోందంటే మాత్రం భయం బాగా ముదిరిందనో, ఒంట్లో బాగాలేదనో అనుకోవాలి.

ముసలి పిల్లుల గురించి ఒక్కమాట. 12 ఏళ్ళు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూసి 2002లో ప్రచురించిన అమెరికా పరిశీలనలో తొంభై పిల్లులకి కీళ్ళ అరుగుదల కనబడింది. కాబట్టి బీరువా మీద పడుకునేది నేల మీద పడుకుంటోందంటే వయసైపోయిందిలే అని వదిలేయకండి, ఆ నొప్పికి మందులున్నాయి. ఎడమ పక్కకి పడుకుంటే ఇది, కుడి పక్కకైతే అది అని కూడా అడుగుతుంటారు. 2025లో 408 యూట్యూబ్ వీడియోలు చూసి, మూడింట రెండు వంతుల పిల్లులు ఎడమ పక్కకే పడుకున్నాయని ఒక పరిశోధన వచ్చింది. లేవగానే ప్రమాదాన్ని త్వరగా పసిగట్టడానికి అది పనికొస్తుందేమో అని వాళ్ళ ఊహ. దాని నుంచి మీ పిల్లి మూడ్ ఏమీ తెలియదు.

మీ పిల్లి విషయానికి వస్తే, ఈ రాత్రి అది పడుకున్నప్పుడు లేపకుండా పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టండి. డొక్క లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో అర నిమిషం టైమర్ పెట్టి లెక్కించి రెండింతలు చేయండి. నిద్రలో నిమిషానికి ముప్ఫై లోపు ఉండాలి. మళ్ళీ మళ్ళీ ముప్ఫై దాటుతున్నా, ఒరిగి పడుకోలేక మోచేతులు దూరంగా పెట్టి మెడ చాచి కూర్చునే ఉన్నా, గుండెకో ఊపిరితిత్తులకో ఇబ్బంది ఉండొచ్చు, ఆలస్యం చేయకండి. తర్వాత ఇసుక ట్రే చూడండి, మూత్రంతో తడిసి కట్టే ఇసుక గడ్డలు రోజూ పడేటన్ని పడుతున్నాయా అని. ఇంట్లో ఏమైనా మారిందా కూడా గుర్తు చేసుకోండి: కొత్త మనిషి, పక్కింట్లో కొత్త కుక్క, పెయింట్ వాసన, మంచం చోటు మార్చడం. ఇలాంటిదేదో ఉండి, తిండి, నీళ్ళు, ఒంటికి పోవడం మామూలుగా ఉంటే కొన్నాళ్ళు ఆగి చూడొచ్చు.

ఏ కారణమూ కనబడక తిండి కూడా తగ్గితే మర్నాడే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒంటికి రాకపోతే మర్నాటి దాకా కూడా ఆగొద్దు. మీ ఊళ్ళో గొట్టం వేసే వసతి లేదంటే నేరుగా తిరుపతి వచ్చేయండి. వచ్చేముందు మంచం కింద అది పడుకున్న తీరు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద భయంతో ప్రతి పిల్లీ బిగుసుకునే ఉంటుంది, డాక్టరుకి తేడా తెలియదు. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్ర ముక్క కూడా వేయొద్దు. మనకి మందైన ఆ మాత్ర పిల్లికి విషం.