కొండవాలున పెరడు: ఒక్క పెద్ద గోడ వద్దు, మూడు చిన్న గోడలు కట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖపట్నంలో కొండవాలున ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనుక 32 అడుగుల మేర స్థలం 12 అడుగులు పైకి లేచింది. వానాకాలంలో ఎర్రమట్టి జారి పెరట్లోకి వస్తోంది. కాంట్రాక్టరు వాలునంతా నిలువుగా కోసి ఒకే పెద్ద గోడ కడతానంటున్నాడు. ఇంట్లోవాళ్లకేమో రాతి అంచెలు, సాయంత్రం పూట కూర్చోవడానికి ఒక అరుగు కావాలి. ఏది మేలు?

అంచెలే మేలు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఒక్క పెద్ద గోడ నేను కట్టించి చూశాను.

నేను ఇంజనీరును కాను. సింహాచలం కొండల అంచున మా ఇల్లు. 2011లో పెరటి వాలును కోయించి, 9 అడుగుల ఎత్తున సిమెంటు పెట్టి రాతిగోడ కట్టించాను. రాళ్ల మధ్య కీళ్లన్నీ సిమెంటుతో పూడ్పించి నున్నగా గీతలు తీయించాను. వచ్చినవాళ్లందరినీ వెనక్కి తీసుకెళ్లి మరీ చూపించేవాడిని. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటిన పది పన్నెండు రోజులకు మళ్లీ వానలు పట్టుకున్నాయి, గుర్తుందా? ఆ వానలు వెలిశాక మా ఆవిడ బట్టలు ఆరేయబోతే తీగ వదులుగా వేలాడుతోంది. తీగ తెగలేదు, మేకు ఊడలేదు. తీగ రెండో కొస కట్టిన రాతిగోడే జానెడు ముందుకు వచ్చింది.

మర్నాడు ఒక ముసలి రాతి మేస్త్రిని పిలిపించాను. ఆయన గోడను తట్టి చూసి, "పొట్ట వచ్చింది బాబూ. నీళ్లు తాగడమే గానీ, పోసుకోవడానికి దారి పెట్టలేదు కదా దీనికి" అన్నారు. అప్పుడు నవ్వు రాలేదు. నీళ్లు బయటికి రావడానికి గోడలో ఒక్క తూము కూడా వదల్లేదు మేము. నేను డబ్బు పోసి పూడ్పించిన ఆ కీళ్లే గోడకు చేటు తెచ్చాయి.

గోడ మోయాల్సింది మట్టిని మాత్రమే కాదు, ఆ మట్టి పీల్చిన నీటిని కూడా. ఒక్క రోజులో 10 సెంటీమీటర్ల వాన పడితే వెయ్యి చదరపు అడుగుల వాలు మీద 9 వేల లీటర్లకు పైగా నీరు పడినట్టు. తుపాను రోజుల్లో మనకు అంత వాన వింతేమీ కాదు. పైగా గోడ మీద తోపుడు ఎత్తుతో పాటు సమానంగా పెరగదు, ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మూడడుగుల గోడతో పోలిస్తే 9 అడుగుల గోడ మీద పడే తోపుడు మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు. అదే ఎత్తును మూడు గోడలుగా విడగొడితే మూడింటి మీద కలిపి పడేది పెద్ద గోడ మీద పడేదాంట్లో మూడో వంతు. ఈ లెక్క నిలవాలంటే ఒక షరతు ఉంది. కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం వెనక్కి జరిగి పై గోడ లేవాలి. లేకపోతే పై గోడ బరువు కింది గోడ నెత్తిన పడుతుంది.

మీ 32 అడుగుల్ని ఇలా పంచుకోవచ్చు. ఇంటిని ఆనుకుని 10 అడుగులు అరుగుకు. తర్వాత ఒక్కొక్కటి 2 అడుగుల మందంతో మూడు గోడలు, వాటి మధ్య ఆరేసి అడుగుల మడులు రెండు. చివర మిగిలే 4 అడుగులు పైన గడ్డికీ, ఎగువ నుంచి దిగే నీటిని పక్కకు మళ్లించే అడ్డుకాలువకూ. గోడలు మూడూ మూడేసి అడుగుల ఎత్తే. మరి 12 అడుగుల్లో మిగిలిన మూడడుగులు? మడుల్లోనూ పై గడ్డిలోనూ వాలుగానే వదిలేయండి. ప్రతి మడినీ బల్లపరుపుగా చేయాలన్న పంతం పెట్టుకుంటే గోడలు ఎత్తు పెరుగుతాయి. ఏ గోడైనా నాలుగడుగులు దాటేటట్టుంటే నా మాట పక్కన పెట్టి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. వాలు మీద ఇప్పటికే పగుళ్లు కనిపిస్తున్నా, పైన మరొకరి ఇల్లు ఉన్నా అంతే.

ఇక రాయి. తవ్వేటప్పుడు మీ స్థలంలోనే బోలెడు రాయి పడుతుంది, ఎర్రటి మచ్చలతో, కొన్నిచోట్ల మెరుస్తూ. అది ఖొండలైట్, మన కొండల రాయి. కోణార్క ఆలయంలో ఎక్కువ భాగం దానితో కట్టిందే. సముద్రపు గాలికి ఆ శిల్పాలు ఎంత అరిగిపోయాయో చూసినవాళ్లకు తెలుసు. అందుకని ఊరికే దొరికింది కదా అని గోడంతా దానితో పేర్చకండి. సమ్మెటతో కొట్టి చూడండి. ఖంగుమంటే గోడకు పనికొస్తుంది. మొద్దుగా మోగి పొడి రాలితే మొక్కల మధ్య అలంకారానికి వాడుకోండి. మిగిలినదానికి నల్లరాయి తెప్పించుకోక తప్పదు. లారీ సందులోకి రాకపోతే రాయి ధర కంటే మోత కూలే ఎక్కువవుతుంది, ముందే మాట్లాడుకోండి.

రెండోసారి, 2014 వేసవిలో, సిమెంటు లేకుండా ఉత్త రాతి పేర్పుతో మూడు గోడలు కట్టించాను. మా బావమరిది నవ్వాడు, పొలం గట్టులా ఉందని. ఒడిశా సరిహద్దు కొండల్లో సవర గిరిజనులు నిలువు వాలుల మీద రాతికట్టు పేర్చి, అంచెలంచెలుగా మడులు కట్టి వరి పండిస్తారు. వాళ్ల గోడల్లో సిమెంటు ఎక్కడుంది? ప్రతి సందూ ఒక తూమే కాబట్టి పేర్పుగోడ వెనుక నీరు నిలవదు.

పేర్పుకు కొన్ని పట్టింపులున్నాయి. పునాది అడుగు లోతు తవ్వి, గట్టి నేల తగిలాకే పెద్ద రాళ్లు దింపాలి. అడుగున మందం గోడ ఎత్తులో సగానికి తగ్గకూడదు. నేను మూడింట రెండు వంతులు పెట్టించాను, మీకు చెప్పిన 2 అడుగులు అదే లెక్క. గోడ ముఖం అడుగుకు రెండంగుళాల చొప్పున కొండవైపు వాలాలి. రాయి పొడుగు గోడ లోపలికి వెళ్లాలి గానీ ముఖం మీద పరుచుకోకూడదు. కూలీలు తొందరలో చేసే మోసం ఇక్కడే, ఎందుకంటే పొడుగు రాయిని అడ్డంగా పరిస్తే పని చప్పున కదులుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. కీలు మీద కీలు పడకూడదు. నాలుగేసి అడుగులకొకటి గోడ మందమంతా పట్టే రాయి ఉండాలి. లోపలి సందుల్లో మట్టి కాకుండా రాతి చిప్పలే బిగించాలి. గోడ వెనుక అడుగు మందాన 40 ఎం.ఎం. కంకర, ఆ కంకరకూ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. గుడ్డ వేయకపోతే రెండు మూడు వానాకాలాల్లో బంకమట్టి కంకరలోకి దిగి, ఖర్చు పెట్టి వేసిన దారి మూసుకుపోతుంది. కంకర అడుగున చిల్లుల గొట్టం ఒకటి పరిచి, దాని కొస పక్క కాలువలోకి వదలండి. ఆ నీరు పక్కింటివాళ్ల స్థలంలోకి పోకుండా చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

పని కింది గోడతో మొదలుపెట్టి పైకి వెళ్లాలి. వాలునంతా ఒకేసారి కోయనివ్వకండి. జేసీబీ అద్దె గంటల లెక్కన కాబట్టి కాంట్రాక్టరుకు తొందర, కొండకు ఆ తొందర పనికిరాదు. సంక్రాంతి అయ్యాక మొదలుపెడితే మృగశిర కార్తెకు ముందే ముగించవచ్చు.

చెట్ల విషయంలో నాకు తగిలిన దెబ్బ కూడా వినండి. పై మడిలో గోడకు మూడడుగుల దూరంలో పాత వేపచెట్టు ఉండేది. నీడ బాగుంటుందని కొట్టనివ్వలేదు. ఫైలిన్‌కు సరిగ్గా ఏడాది తర్వాత, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. ఊళ్లో సగం చెట్లతో పాటు మా వేప కూడా కూలింది. వేరుముద్ద పైకి లేస్తూ ఆరడుగుల పొడవున గోడను పెకలించుకుపోయింది. మిగతా గోడ కదల్లేదు. పడిన రాళ్లనే మళ్లీ పేర్చి ముగ్గురు మనుషులు రెండు రోజుల్లో బాగు చేశారు. సిమెంటు గోడైతే మిగిలినదాన్ని కూడా పగలగొట్టాల్సి వచ్చేది. ఇప్పుడు మా మడుల్లో కరివేపాకు, నిమ్మగడ్డి, మల్లె, కనకాంబరం. పై అంచున, అడ్డుకాలువకు ఎగువన, అడ్డంగా వరుస కట్టి జానెడు దూరానికొక పిలక చొప్పున వట్టివేరు నాటించాను. దాని వేళ్లు పక్కలకు పాకవు, నిలువుగా పదడుగుల దాకా దిగుతాయి. నీటి వేగాన్ని తగ్గించి మట్టిని పట్టి ఉంచడంలో దానికి సాటి లేదు. తొలకరికి నాటితే సరిపోతుంది.

అరుగు గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు, ఒక్క విషయం తప్ప. కొండ మీ వెనుక ఉంది, ఇల్లు పల్లంలో ఉంది. అరుగు మీద పడిన వాన ఇంటి గోడ వైపు రాకూడదు. అందుకని అరుగును ఇంటివైపు కాస్త ఎత్తుగా, కొండవైపు పల్లంగా పరిపించండి. 10 అడుగులకు రెండంగుళాల వాలు చాలు, కుర్చీ కూడా ఊగదు. కింది గోడ మొదట్లో జానెడు వెడల్పు కాలువ తీసి, ఇంటి పక్క నుంచి వీధి కాలువకు కలపండి. అడుగున నాలుగంగుళాల గ్రావెల్ దిమ్మిస కొట్టించి, దాని మీద అంగుళంన్నర రాతి పొడి పరిచి, ఆపైన బండలు. కడప బండ నున్నటిది వద్దు, తడిస్తే జారుతుంది, మే నెలలో కాలు పెట్టనివ్వదు. గరుకుగా ఉన్నది అడిగి తీసుకోండి. బండల మధ్య సందుల్లో సిమెంటు కాకుండా ఇసుకే నింపండి. రసమట్టం మీరే పట్టుకుని ప్రతి వరుసా చూసుకోండి, మేస్త్రి ఏమీ అనుకోరు.

ఉత్త పేర్పుగోడకు ఒక లోపం ఉంది, దాచకుండా చెబుతాను. సందుల్లో తొండలు, జెర్రులు చేరతాయి. పాములూ రావచ్చు. మాకు రెండుసార్లు వచ్చాయి. అరుగును ఆనుకునే కింది గోడ మటుకు, ముఖం వైపు సందుల్లో చిన్న రాతి చిప్పలు బిగ్గొట్టించాను. నీరు కారుతుంది, పాము దూరదు. చీకటి పడ్డాక ఆ గోడ మీద చేయి వేయకుండా పిల్లలకు అలవాటు చేశాం. లైటు కూడా పెట్టించాం.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఈసారి పెద్ద వాన పడినప్పుడు గొడుగు వేసుకుని పెరట్లో అరగంట నిలబడండి. నీరు ఏ మూల నుంచి దిగుతోంది, ఎక్కడ చీలుతోంది, ఎక్కడ ఆగుతోంది చూసి, వాన వెలియగానే ఆ చోట్లలో సున్నంతో గుర్తులు పెట్టండి. ఫోనుతో ఫోటోలు తీసి, పక్కింటి ప్రహరీ ఎటువైపు ఉందో కూడా చెబితే, అడ్డుకాలువ ఎటు తిప్పాలో చూసి చెబుతాను.