ఆ చదువు ఎందుకంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయి కోఠిలో బీఏ పొలిటికల్ సైన్స్ ఆఖరి సంవత్సరం. చిన్న దేశాలు విదేశాంగ విధానంలో యూరోపియన్ యూనియన్ వెంట ఎందుకు నడుస్తాయన్నది తన ప్రాజెక్టు. అది పట్టుకుని యూరప్‌లో ఎంఏ చేస్తానంటోంది. ఇల్లు తాకట్టు పెట్టాలి. అక్కరకు రాని ఈ చదువు మాన్పించి ఎంబీఏలో చేర్చమంటారా? రెండూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: మీకు నిద్ర పట్టనివ్వనిది ఇంటి తాకట్టు. ఆ భయం న్యాయమైనదే. కానీ 'అక్కరకు రాని చదువు' అని ఆ పిల్ల ముందు ఇంకోసారి అనకండి సార్. తన ప్రాజెక్టు ఏమిటో ఒక్కరోజైనా కూర్చుని విన్నారా?

యూరప్‌లో మాంటెనెగ్రో అనే చిన్న దేశముంది, జనాభా ఆరు లక్షల పైచిలుకు. యూనియన్‌లో చేరడానికి 2012 నుంచి చర్చలు జరుపుతోంది. చేరాలంటే విదేశాంగ విధానమూ కలవాలి, చర్చల్లో 31వ అధ్యాయం దానికోసమే. అందుకే రష్యాపై ఆంక్షల్లోనూ యూనియన్‌తో నిలబడింది. దాని పక్క దేశం సెర్బియా 2014 నుంచి అవే చర్చల్లో ఉన్నా ఆంక్షలకు ఒప్పుకోలేదు. దానికి రష్యా గ్యాస్ కావాలి, తన నుంచి విడిపోయి స్వతంత్రం ప్రకటించుకున్న కొసావో విషయంలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో రష్యా అండ కావాలి. నార్వే సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. యూనియన్‌లో చేరబోమని అక్కడి జనం 1972లో, మళ్లీ 1994లో ఓటేశారు. అయినా ఆంక్షల్లో ఎక్కువగా యూనియన్ బాటే పడుతుంది. ఒక్క దేశం ఆంక్షలు పెడితే ఎవరూ లెక్కచేయరు, పైగా సరుకు అమ్ముకునే పెద్ద మార్కెట్ యూరపే. ఎవరు ఏం వదులుకుని ఏం దక్కించుకుంటున్నారో లెక్క తేల్చే చదువిది. గచ్చిబౌలి, మాదాపూర్‌లలోని విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో ఆంక్షల జాబితాలు సరిచూసే టీమ్‌లున్నాయి. వాళ్లకు ఈ జ్ఞానం రోజూ కావాలి.

నాకు నమ్మకం లేనిది అప్పు చేసి చదివే ఆ ఫారిన్ ఎంఏ మీద. యూనియన్ సంస్థల్లో పర్మనెంట్ ఉద్యోగాలకు సాధారణంగా సభ్యదేశాల పౌరులే అర్హులు. ఈ ముక్క కన్సల్టెన్సీల బ్రోచర్లలో కనపడదు. ఏడాది కోర్సయితే అక్కడి భాష నోటికి అలవాటయ్యేలోపే అయిపోతుంది, ఆ తర్వాత ఈఎంఐలు. ఎరాస్మస్ ముండస్ లాంటి స్కాలర్‌షిప్ వస్తే సంతోషంగా పంపండి. రాకపోతే జేఎన్‌యూ ఉంది, మన గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఆ ఫీజులకు ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదు. పక్కన ఫ్రెంచ్ నేర్చుకోనివ్వండి.

ఇష్టంలేని పిల్లను ఏదో ఒక కాలేజీలో ఎంబీఏకు తోస్తే దానికీ లక్షలు పోయాల్సిందే. ఇంతకు మించి పోలిక నేను చేయను. ఇలాంటి ప్రశ్న వెంటపడిన పిల్ల ఖాళీగా కూర్చోదు, ధైర్యంగా ఉండండి. ఈ ఆదివారం సెర్బియా ఎందుకు ఒప్పుకోలేదో చెప్పమ్మా అని అడిగి, మధ్యలో ఎంబీఏ మాట ఎత్తకుండా చివరిదాకా వినండి.